చలికాలంలో ‘21 రోజుల నాటు పిల్లలు’ అని అమ్మేవాళ్ల దగ్గర జాగ్రత్త

కార్తీకం దాటగానే నల్గొండ, దేవరకొండ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ వైపు ఊళ్లల్లో బండ్ల మీద, అంగళ్లలో, ఫోన్లలో కోడిపిల్లల అమ్మకం జోరందుకుంటుంది. అమ్మేవాళ్లు చెప్పేవి మూడు మాటలు: నాటువి, 21 రోజులు నిండినవి, టీకాలన్నీ అయినవి. ఈ మూడూ అబద్ధమే అయిన పిల్లల్ని కొని పెరటి కోళ్లోళ్లు నష్టపోతున్నారు. తెచ్చిన రెండు మూడు రాత్రుల్లోనే పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా చస్తాయి. ఫోన్ చేస్తే “చలికి పోయినయ్, మీరు చూసుకోలేదు” అంటారు. చలికి పోయిన మాట నిజమే. కానీ ఆ చలి చాలాసార్లు తెల్లవారుజామున బండి మీదనే తగిలి ఉంటుంది.

వయసు దగ్గరే అసలు మోసం. మూడు నాలుగు వారాలు వచ్చేదాకా పిల్ల తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు. మొదటి వారం దానికి 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. పుష్యమాసపు రాత్రుల్లో మన దగ్గర 15 డిగ్రీలకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి పడిపోతుంది. వారం పిల్లను మూడు వారాల పిల్లనుకుని బల్బు లేకుండా గంప కింద మూస్తే అది తెల్లారేదాకా బతకడం కష్టం. అందుకే రెక్క విప్పి చూడండి. వారం పిల్లకు రెక్కల్లో మాత్రమే ఈకలు వస్తాయి, వీపు, రొమ్ము మీద నూగే ఉంటుంది. మూడు వారాల పిల్లకు వీపు, రొమ్ము మీద కూడా ఈకలు కనబడాలి.

ఇక జాతి. గుడ్ల కోళ్ల హేచరీల్లో (పిల్లల్ని పొదిగించే చోట్లలో) మగపిల్లలు అక్కరకు రావు, అగ్గువకు బయటికి వస్తాయి. వాటికే రంగులు అద్ది నాటువంటారు. నూగు మీద రంగున్నా కొత్త ఈక తెల్లగా వస్తుంది. రెక్కల మొదట్లో తెల్లటి ఈక మొలుస్తుంటే వదిలేయండి. అవి గుడ్లు పెట్టవు, ఎంత మేపినా తూకం రావు.

టీకాలైనయ్ అంటే ఏవి, ఏ రోజున అని అడగండి. మారెక్స్ అనే జబ్బు టీకా హేచరీలో మొదటి రోజే మెడ చర్మం కింద వేయాలి. ఆ రోజు తప్పితే తర్వాత వేసినా పెద్దగా ఫలితం ఉండదు. కొక్కెర తెగులుకు లసోటా టీకా 5–7 రోజుల మధ్య కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క. గంబోరో జబ్బుకు టీకా 14వ రోజు ప్రాంతంలో. రసీదు మీద తేదీలు, టీకా బ్యాచ్ నంబర్ రాసివ్వమంటే మాట మార్చేవాళ్ల దగ్గర కొనొద్దు.

ఒక్కరోజు పిల్లలే కొంటే బొడ్డు చూడండి. పొడిగా మూసుకుని ఉండాలి. తడిగా, నల్లగా ఉన్నా, ముడ్డికి రెట్ట అంటుకుని ఉన్నా తీసుకోవద్దు. చలి తగిలిన పిల్లకు కడుపులో మిగిలిన గుడ్డు పచ్చసొన కరగదు, అక్కడే చెడిపోయి నాలుగైదు రోజులకు చంపుతుంది. కాబట్టి పొద్దున పదింటికీ సాయంత్రం నాలుగింటికీ మధ్యే తెచ్చుకోండి. పెట్టెకు మూడు వైపులా గోనె కప్పి, గాలి రంధ్రాలు వదిలేయండి.

కొందరు పిల్లలతో పాటు ‘బ్రూడర్ కిట్’ (పిల్లలకు వేడిపెట్టే సామాను) అని ఎల్‌ఈడీ బల్బు, పేరు లేని పొడి పొట్లం అంటగడతారు. ఎల్‌ఈడీ వెలుగిస్తుంది కానీ పిల్లలకు సరిపడా వేడి ఇవ్వదు. పాత తీగ బల్బే కావాలి, పిల్లకు రెండు వాట్ల లెక్కన. 50 పిల్లలకు ఒక్క 100 వాట్ల బల్బు కన్నా రెండు 60 వాట్లవి మేలు, ఒకటి మాడినా రెండోది ఆదుకుంటుంది. అడుగు, అడుగున్నర ఎత్తులో వేలాడదీయండి. చుట్టూ 18 అంగుళాల ఎత్తు రేకు, నాలుగడుగుల గుండ్రంగా. వారం తర్వాత వెడల్పు చేయండి. పిల్లలు బల్బు కింద గుమికూడితే వేడి చాలట్లేదు, దూరంగా పోయి నోరు తెరిస్తే ఎక్కువైంది, ఒక పక్కకే చేరితే రెండో పక్క నుంచి గాలి కొడుతున్నట్టు.

కింద రెండు మూడు అంగుళాల ఊక పరచండి. మిర్యాలగూడ మిల్లుల దగ్గర ఊకకు కొదవ లేదు, కానీ ఆరుబయట మంచుకు తడిసిన కుప్పలోది తేవద్దు. దానికి బూజు పట్టి పిల్లల ఊపిరితిత్తులు చెడతాయి. నోరు తెరిచి ఎగపోస్తుంటే అది చలి అనుకుని మోసపోతారు. పరదాలు కట్టేటప్పుడు పైన జానెడు సందు వదలాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టొద్దు, ఆ పొగకు పిల్లలతో పాటు పక్కన పడుకున్న మనుషులకూ ప్రాణాపాయం.

నమ్మకంగా కావాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పెరటి కోళ్ల రకాలు అడగండి. వనరాజా, గ్రామప్రియ కోళ్ల పరిశోధన సంస్థవి, రాజశ్రీ వెటర్నరీ యూనివర్సిటీది. ముందే చెప్పి పెట్టుకోవాలి, దొరకడానికి టైం పడుతుంది.

ఇప్పటికే కొన్నవి చస్తుంటే పాత కోళ్లతో కలపకండి, వేరే గదిలో, వేరే నీళ్ల గిన్నెతో ఉంచండి. అప్పుడే చచ్చిన పిల్లను ప్లాస్టిక్ కవర్లో కట్టి, ఐసు మధ్య పెట్టి, అదే రోజు పశువుల దవాఖానకు తీసుకెళ్లి కోయించి చూపించండి. పచ్చసొన కరగకుండా ఉంటే డాక్టరుతో రాయించుకోండి. రసీదుతో పాటు ఆ కాగితం ఉంటేనే అమ్మినవాడిని డబ్బు వాపసు అడగడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.