పార్కిన్సన్స్‌కి కరెంటు, సైకిల్ కలిపి ఇచ్చే థెరపీ: నాన్నతో మా అనుభవం

హైదరాబాద్‌లో ఒక న్యూరో రీహాబ్ సెంటర్ గురించి ఇది. పేరు రాయట్లేదు, ఇదే ప్యాకేజీ ఇప్పుడు వేరే చోట్ల కూడా ఇస్తున్నారు కాబట్టి విషయం తెలిస్తే చాలు. అక్కడి వ్యాయామానికి 5కి 5 ఇస్తాను, తలకి పెట్టే కరెంటుకి 3, కౌంటర్‌లో చెప్పే మాటలకి 1.

నాన్న చెయ్యి వణకడం కన్నా ఆలోచన నెమ్మదించడమే మమ్మల్ని ఎక్కువ టెన్షన్ పెట్టింది. బ్యాంకు ఫారం నింపడానికి గంట పట్టేది, రెండు పనులు ఒకేసారి చెబితే ఒకటి వదిలేసేవారు. మెదడులో డోపమిన్ అనే రసాయనం తగ్గితే నడకే కాదు, పనిని వరసగా ప్లాన్ చేసుకునే శక్తి కూడా దెబ్బతింటుందని న్యూరాలజిస్టు చెప్పాక దీనికోసం వెతికాం.

అక్కడ పెట్టేది టీడీసీఎస్, అంటే తల పైనుంచి మెదడుకి సన్నటి కరెంటు ఇవ్వడం. ఆపరేషన్ కాదు, అమ్మ భయపడినట్టు షాక్ ట్రీట్‌మెంటూ కాదు. సెలైన్‌లో తడిపిన రెండు స్పాంజి ముక్కల్ని పట్టీతో తలకి కడతారు, ఒకటి నుదుటికి ఎడమవైపు పైన వస్తుంది, 2 మిల్లీయాంపియర్ల కరెంటు 20 నిమిషాలు. "చీమలు పాకుతున్నట్టుందిరా" అన్నారు నాన్న మొదట, కాసేపటికి దాని సంగతే మర్చిపోయారు. తీశాక చర్మం కాస్త ఎర్రబడింది, అంతే.

అసలు పనంతా సైకిల్ మీదే. కదలని సైకిల్ తొక్కిస్తూ ఫిజియో అమ్మాయి ప్రశ్నలు వేస్తూ ఉంటుంది, వందలోంచి ఏడేసి తీసేయండి అంకుల్, 'క'తో మొదలయ్యే కూరగాయలు చెప్పండి అంకుల్ అంటూ. ఒకరోజు తెనాలి నుంచి బెజవాడ దాకా స్టేషన్లు చెప్పమంది. ఆయన ఏళ్ళ తరబడి తిరిగిన లైను అది. దుగ్గిరాల అన్నారు, తర్వాతది గుర్తు చేసుకోబోతే కాళ్ళు ఆగిపోయాయి. "తొక్కుతూనే ఆలోచించండి అంకుల్, తొందరేం లేదు" అంది తను. కొన్ని వారాలకి పెదవడ్లపూడి, కొలనుకొండ దాటి కృష్ణా కెనాల్ దాకా పెడల్ ఆపకుండా వచ్చేశారు, నాకు ఏడుపొచ్చినంత పనైంది. రోజూ అడిగితే ఎవరికైనా అలవాటవుతుంది కాబట్టి దీన్ని కరెంటు ఖాతాలో మాత్రం వేయను.

కౌంటర్‌లో ఏమన్నారంటే, కోర్సు పూర్తయ్యేసరికి జ్ఞాపకశక్తి మామూలైపోతుందట. ఇంత పెద్ద మాట ఎలా అంటారండీ? 2016లో ఇటలీ పరిశోధకులు చేసిన ట్రయల్‌లో ఉన్నది మొత్తం 20 మంది. అందరికీ ఫిజియోథెరపీ చేయిస్తూ సగం మందికి నిజం కరెంటు, సగం మందికి ఉత్తుత్తి కరెంటు రెండు వారాలు ఇచ్చారు, నిజంది తీసుకున్నవాళ్ళకి ఆలోచనకి సంబంధించిన పరీక్షల్లో మెరుగుదల కనిపించింది. ఆశ పెట్టుకోవచ్చు, గ్యారంటీ ఇవ్వడానికి మాత్రం అది చాలదు. పైగా ఆ ట్రయల్‌లో వ్యాయామం చేస్తుండగానే కరెంటు ఇచ్చారు. ఇక్కడ రద్దీ ఉన్న రోజుల్లో ఒక గదిలో కరెంటు పెట్టి, అరగంట కూర్చోబెట్టి, ఆ తర్వాత సైకిల్ ఎక్కించేవారు. రెండూ కలిపి ఇస్తామని డబ్బు తీసుకుని ఇలా చేయడం నాకు నచ్చలేదు, గట్టిగా అడిగితేనే సరిచేశారు.

వెళ్ళేవాళ్ళు మొదటి రోజే జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే మోకా పరీక్ష చేయించుకోండి. 30 మార్కులకి ఉంటుంది, గడియారం బొమ్మ గీయిస్తారు, తెలుగులో కూడా ఉంది. అది లేకపోతే మార్పు వచ్చిందో లేదో దేంతో పోల్చుకుంటారు? పార్కిన్సన్స్‌కి వాడే లెవోడోపా మాత్ర బాగా పనిచేసే టైముకి స్లాట్ అడగండి, మాత్ర ప్రభావం దిగిపోయే వేళకి వెళితే నాన్న సైకిల్ ఎక్కడానికే అవస్థ పడ్డారు. డీబీఎస్ ఆపరేషన్ (మెదడులో వైర్లు అమర్చేది) అయినవాళ్ళు, తలలో లోహం ఉన్నవాళ్ళు, మూర్ఛ వచ్చేవాళ్ళు న్యూరాలజిస్టును అడగకుండా ఈ కరెంటు జోలికి వెళ్ళొద్దు.

మేం కరెంటు ప్యాకేజీ మళ్ళీ తీసుకోలేదు. ఆ అమ్మాయి దగ్గర సైకిల్, ప్రశ్నలు మాత్రం కొనసాగిస్తున్నాం, ఇంట్లో కూడా ఒక సైకిల్ కొన్నాం. ఇప్పుడు ప్రశ్నలు వేసే డ్యూటీ అమ్మది.