ఖాళీ ఇళ్ల క్లీనింగ్ పనికి ఏ మిషన్ ముందు కొనాలి: 15 లీటర్ల వాక్యూమా, ప్రెషర్ వాషరా?

హనుమకొండ, కాజీపేట వైపు కిరాయిదార్లు ఖాళీ చేసిన ఇళ్లను కడిగి అప్పగించే పని మొదలుపెట్టాలనుకునే వాళ్లు చాలామంది ముందు ప్రెషర్ వాషర్ (నీళ్లను గట్టి ఒత్తిడితో చిమ్మే మిషన్) కొంటారు. వీడియోలో నల్లబడిన గచ్చు మీద తెల్లటి చార పడుతుంటే ఎవరికైనా కొనబుద్ధవుతుంది. కానీ మొదటి ఆరు నెలలు దాని జోలికి పోవద్దన్నదే మా మాట. దుమ్మూ నీళ్లూ రెండూ లాగే ఒక 15 లీటర్ల వెట్ అండ్ డ్రై వాక్యూమ్, ఒక బకెట్టు నిండా చేతి సామాను ఉంటే కిరాయి ఇళ్ల పని దాదాపు అంతా అయిపోతుంది.

ప్రెషర్ వాషర్ చెడ్డదని కాదు. ఇంటి లోపల దానికి పనే లేదు. గదిలో కొడితే నీళ్లు స్విచ్ బోర్డుల్లోకి పోతాయి, ఫ్లష్ డోర్లు (ప్లైవుడ్ తలుపులు) కింది అంచున ఉబ్బుతాయి, సున్నం వేసిన గోడ పొక్కులుగా రాలుతుంది. ఇక మిగిలేది పార్కింగు, ప్రహరీ, డాబా. అక్కడ కూడా తాండూరు బండల మీద నాజిల్ అడుగు దూరం కంటే దగ్గరకు తెస్తే బండల సందుల్లోని సిమెంటు లేచిపోతుంది. సంపు నీళ్లలో ఇసుక ఉంటే పంపు వాల్వులు తొందరగా పాడవుతాయి. ఫిల్టర్ లేకుండా బకెట్టులోంచి లాగించే వాళ్ల మిషన్లు మధ్యలోనే ప్రెషర్ పడిపోవడానికి కారణం ఇదే.

వాక్యూమ్ అసలు విలువ తెలిసేది అల్యూమినియం స్లైడింగ్ కిటికీ దగ్గర. కింది ట్రాకులో దుమ్ము, చచ్చిన దోమలు, బల్లి రెట్టలు, తెరల నూలు కలిసి అట్టకట్టి ఉంటాయి. అలవాటు కొద్దీ ముందే మగ్గుతో నీళ్లు పోస్తే అదంతా బురదై చక్రాల కిందికి చేరుతుంది. ఇక కిటికీ కదలదు. పొడిగా ఉన్నప్పుడే అంగుళం పెయింట్ బ్రష్‌తో రేపుతూ, వెనకాలే సన్న నాజిల్‌తో లాగాలి. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ కొనకు తడిగుడ్డ చుట్టి ఒకసారి తిప్పితే చాలు. ఇంటి ఓనరు వచ్చి ముందు వేలు పెట్టి చూసేది కూడా ఆ ట్రాకులోనే!

కొనేటప్పుడు వాట్ల అంకె ఒక్కటే చూడకండి. 1,000 నుంచి 1,400 వాట్లు సరిపోతాయి. ధర కంపెనీని బట్టి ఐదు నుంచి ఎనిమిది వేల మధ్య ఉంటుంది. డబ్బా స్టీలుదైతే మంచిది. నీళ్ల కోసం స్పాంజి ఫిల్టర్, దుమ్ము కోసం గుడ్డ లేదా కాగితం ఫిల్టర్ విడివిడిగా ఇస్తున్నారా అని అడగండి. నీళ్లు లాగేటప్పుడు కాగితం ఫిల్టర్ తీయడం మర్చిపోతే అది నాని చిరుగుతుంది. 15 లీటర్లని రాసినా, నీళ్లు అంత నిండకముందే లోపలి ఫ్లోట్ (నీళ్ల మీద తేలే మూత) లేచి గాలి దారి మూస్తుంది. అప్పుడు మోటారు శబ్దం ఒక్కసారిగా కీచుగా మారుతుంది. వెంటనే ఆపి పారబోయాలి. సర్ఫు నురగ మాత్రం ఫ్లోట్‌ను దాటి మోటారులోకి వెళ్లగలదు. కాబట్టి లాగబోయే నీళ్లలో సబ్బు తక్కువ వాడాలి.

కొత్తగా కట్టిన ఇంట్లో ఈ మిషన్‌తో జాగ్రత్త. సిమెంటు పొడి, లప్పం గీకిన దుమ్ము ఫిల్టరును పావుగంటలో మూసేస్తాయి. లాగుడు తగ్గిందని అలాగే నడిపిస్తే మోటారు కాలుతుంది. ముందు పొరకతో ఊడ్చి, పెద్ద భాగం సంచిలో ఎత్తి, మిగిలినదానికే వాక్యూమ్ పెట్టాలి. గంటకు రెండుసార్లు ఫిల్టరు బయట దులపాలి, ముక్కుకు మాస్కు ఉండాలి. సిమెంటు పొడి ఉన్న డబ్బాలోకి నీళ్లు లాగితే అడుగున గడ్డ కడుతుంది, తర్వాత ఉలి పెట్టాల్సిందే.

1,400 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 6 ఆంప్స్ దాటుతుంది. హాల్లోని చిన్న సాకెట్‌కు అది ఎక్కువే. కిచెన్‌లోనో గీజర్ దగ్గరో ఉండే 16 ఆంప్స్ సాకెట్ వాడండి. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట మొత్తం విప్పాకే ఆన్ చేయాలి, చుట్టలోనే వైరు వేడెక్కుతుంది. అసలు బేరం మాట్లాడేటప్పుడే ఇంట్లో కరెంటు ఉందా, సంపులో నీళ్లున్నాయా, మోటారు తిరుగుతుందా అని అడగాలి. ఖాళీ ఇంట్లో ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఆ రోజు పని పోయినట్టే.

చేతి సామానులో గీకుడు బ్లేడు, పెయింటర్ల లప్పం పట్టీ, గట్టి బ్రష్‌లు రెండు, వైపర్, పొడుగు కర్ర బూజు చీపురు, పాత నూలు గుడ్డలు, రబ్బరు గ్లౌజులు ఉండాలి. రెండు వేల లోపే వస్తాయి. అద్దం మీది పెయింటు చుక్కలను తడిపాకే గీకాలి. పొడి అద్దం మీద బ్లేడు పెడితే గీతలు పడతాయి, ఆ అద్దం డబ్బులు మీ కూలీలోంచే పోతాయి.

ఎక్కువ నష్టం వచ్చేది యాసిడ్ దగ్గరే. బోరు నీళ్ల తెల్ల మరకలు చూడగానే సీసా వంచేస్తారు. తాండూరు బండ, అల్మారాల్లో వేసే కడప బండ రెండూ సున్నపురాయి జాతివే. యాసిడ్ పడితే బుసబుసమని నురగొచ్చి మెరుపు పోతుంది, మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప రాదు. అనుమానముంటే కనబడని మూలలో ఒక్క చుక్క వేసి చూడండి. మూసిన బాత్రూంలో యాసిడ్ ఆవిరికే క్రోమ్ నల్లాలు మచ్చలు పడతాయి. నల్లాలకు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) మేలు. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాములు కలిపి, గుడ్డ తడిపి నల్లాకు చుట్టి, ఇరవై నిమిషాలయ్యాక రుద్ది కడగాలి. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఒకేచోట పడనివ్వొద్దు. వచ్చేది క్లోరిన్ వాయువు. టాయిలెట్ క్లీనర్ సీసాల్లో చాలావాటిలో ఉండేది కూడా యాసిడే, కాబట్టి దాని మీద బ్లీచింగ్ చల్లడమూ అంతే ప్రమాదం. కిచెన్ జిడ్డుకు వేడినీళ్లలో వాషింగ్ సోడా బాగా పనిచేస్తుంది, కానీ అల్యూమినియం ఫ్రేమును నల్లబరుస్తుంది.

వెళ్లగానే బాత్రూంలో క్లీనర్, కిచెన్‌లో సోడా నానబెట్టి, అవి నానేలోపు బూజు, ఫ్యాన్లు, కిటికీలు ముగించండి. గచ్చు చివర్న, లోపలి గది నుంచి గుమ్మం వైపు.

ఖాళీ ప్లాట్ల పని అడిగే వాళ్లూ ఉంటారు. బ్రష్ కట్టర్ (గడ్డి, పొదలు కోసే మిషన్) ఇప్పుడే కొనకండి, దొరికితే కిరాయికి తెచ్చుకోండి. వయ్యారిభామ పూతకు రాకముందే వేరుతో పీకాలి. పూతకొచ్చాక కోస్తే దురదలు, ఆయాసం పట్టుకుంటాయి. గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టి పోదామనుకోవద్దు, దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపమంటే ఎంత ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. రక్షణ సామాను లేకుండా దింపడం మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం (2013) ప్రకారం నేరం, లోపలి వాయువు ప్రాణం తీస్తుంది.

కాగితాల ఖర్చు పెద్దగా లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల సర్కారీ నమోదు) ఉచితం. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

వాక్యూమ్ బిల్లు తీసుకునే ముందు వారంటీ కార్డు వెనక చిన్నక్షరాలు చదవండి. ఇంటి వాడకానికి అమ్మే చాలా మిషన్లకు డబ్బులు తీసుకుని చేసే పనిలో వాడితే వారంటీ వర్తించదు. అందుకే కార్బన్ బ్రష్‌లు (మోటారులో అరిగిపోయే ముక్కలు), ఫిల్టర్లు, పైపు ఇక్కడే హనుమకొండలో విడిగా దొరుకుతాయా అని షాపులో అడిగి, దొరికే కంపెనీదే తీసుకోండి, వెయ్యి ఎక్కువైనా సరే.