పాపంలో పడ్డాక రక్షణ నిశ్చయత: మళ్ళీ చెయ్యెత్తడమా, వాగ్దానమా, ఒప్పుకోలా?

బెంగళూరు మారతహళ్ళి దగ్గర మా తెలుగు క్రైస్తవ సంఘంలో యూత్ రిట్రీట్ డబ్బులన్నీ నా ఫోన్‌కే వచ్చేవి. మూడేళ్ళ కిందట అందులోంచి రూ. 18,400 ఆన్‌లైన్ రమ్మీలో పోగొట్టాను. జీతం పడగానే తిరిగి వేసేశాను. లెక్క సరిపోయింది, ఎవరికీ తెలియలేదు. అయినా ప్రభు బల్ల ఆదివారం, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు, వస్తోందంటే కడుపులో దేవేసేది. నాకసలు రక్షణ ఉందా, అంటే దేవుడు నన్ను క్షమించి తనవాడిగా చేసుకున్నాడా? ఉండి పోయిందా? నాలుగు నెలలు ఇదే టెన్షన్. ఆ నాలుగు నెలల్లో పట్టి చూసిన దారులివి.

మొదటిది, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టడం. కె.ఆర్. పురం వైపు ఎక్కడ తెలుగు కూడికలు జరిగినా వెళ్ళాను. "ప్రభువుకు దూరమైనవాళ్ళు చేతులెత్తండి" అనగానే ఎత్తాను, మూడుసార్లు. ఒక బ్రదర్ బాప్తిస్మం కూడా మళ్ళీ తీసుకోమన్నారు. ఆ రాత్రి ఏడుపు వచ్చేది, గుండె తేలికయ్యేది. మంగళవారానికి మళ్ళీ అదే బరువు. ఈ దారి చూపించేవాళ్ళను నేను తేలిగ్గా తీసుకోను. పడిపోవడం నిజమైన ప్రమాదమని వాళ్ళు భయపడతారు, ఆ భయం హెబ్రీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో ఉన్నదే. కాకపోతే అక్కడ చెప్పింది అలా తప్పిపోయినవారిని మళ్ళీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమని. ఆ మాట నాకే వర్తిస్తే నెలకోసారి చెయ్యెత్తి లాభమేంటి? వర్తించకపోతే మళ్ళీ మొదటినుంచి ఎందుకు?

పైగా ఈ దారిలో అంతా మనకు ఏమనిపించిందన్న దాని మీదే నిలబడుతుంది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీనే చూడండి. 1738 మే 24 రాత్రి లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలో తన పాపాలు పోయాయన్న నమ్మకంతో ఆయన గుండె వెచ్చబడిందని అందరూ చెబుతారు. ఏడాది తిరక్కముందే, 1739 జనవరిలో, తాను ఇప్పటికీ క్రైస్తవుణ్ణి కానని అదే డైరీలో రాసుకున్నాడు. అంతటివాడికే ఆ వెచ్చదనం నిలవలేదు. నాకు మంగళవారం దాకా ఉండటమే ఎక్కువ. అసలెప్పుడూ నమ్మనివాడికైతే చెయ్యెత్తడమే సరైన దారి. నా సంగతి అది కాదు.

రెండోది మా రూమ్మేట్ చెప్పిన దారి. "గొర్రెల్ని తన చేతిలోంచి ఎవడూ లాక్కోలేడని యోహాను పదిలో ప్రభువే చెప్పాడు కదరా, ఇంక భయమేంటి?" అన్నాడు. నేను అడిగింది "నా ఫ్రెండ్ ఒకడు" అని. వాడికి ఈ వాదాల చరిత్రంతా కంఠతా వచ్చు. 1610లో నెదర్లాండ్స్‌లో అర్మీనియస్ అనే బోధకుడి శిష్యులు, రక్షణ మొదటినుంచి చివరిదాకా దేవుడి నిర్ణయమేనన్న కాల్విన్ బోధను కాదంటూ అయిదు అంశాలు రాశారు. విశ్వాసి పూర్తిగా పడిపోగలడా అన్న అయిదోదాన్ని మాత్రం, లేఖనాల్లో ఇంకా వెతికి చూశాకే బోధిస్తామని వదిలిపెట్టారు. గొడవ మొదలుపెట్టినవాళ్ళకే తేలలేదన్నమాట! 1618–19లో అక్కడే డార్ట్ పట్టణంలో జరిగిన సంఘాల మహాసభ, దేవుడు తనవాళ్ళను చివరిదాకా కాపాడతాడని తేల్చింది.

రెండు వారాలు హాయిగా నిద్రపోయాను. మూడో వారం మళ్ళీ రమ్మీ తెరిచాను.

బోధలో తప్పుందని అనను, అదే సరైనదని ఇప్పటికీ నమ్ముతాను. కానీ నేను దాన్ని నిద్రమాత్రలా మింగాను. అదే డార్ట్ సభ దావీదు, పేతురుల పేర్లు చెప్పి, విశ్వాసులు ఘోరంగా పడిపోగలరనీ, పశ్చాత్తాపంతో తిరిగి వచ్చేదాకా దేవుని కృప తమ మీద ఉందన్న స్పృహ కూడా కోల్పోగలరనీ రాసింది. ఆ ముక్క మా వాడు చెప్పలేదు. చెప్పడానికి, సంగతి నాదని వాడికి తెలిస్తే కదా.

మన జీవితంలో ఫలాలు, అంటే మారిన నడవడి, ఉన్నాయా అని చూసుకొని తేల్చుకొమ్మనేవాళ్ళూ ఉన్నారు. మామూలు రోజుల్లో మంచిదే. పడి ఉన్నప్పుడు మాత్రం, జ్వరంలో మంచం మీదున్నవాడు ఎంత బరువు ఎత్తగలడో పరీక్షించినట్టుంటుంది.

మూడో దారి అనుకోనిచోట దొరికింది. మా ఆఫీసులో గుంటూరు కతోలికుడు ఒకాయన, గురువారాలు వివేక్‌నగర్ బాలయేసు గుడికి వెళ్తారు. నా మొహం చూసి, "ఎవరికైనా చెప్పారా? మేమైతే పాపసంకీర్తనం చేస్తాం, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుంటాం. క్షమించబడ్డావని ఫాదర్ చెప్పేది మా చెవులతో వింటాం" అన్నారు. తాను కృపలో ఉన్నానని తప్పు పడని నిశ్చయంతో ఎవరూ తెలుసుకోలేరని 1547లో ట్రెంట్ మహాసభలో తీర్మానించింది వాళ్ళే. అయినా ఆయన హాయిగా నిద్రపోతున్నాడు. నిశ్చయత గురించి పాటలు పాడే నేను మేలుకొని ఉన్నాను!

ఆ రాత్రి మత్తయి 27 చదివితే, డబ్బుకు ప్రభువును అప్పగించిన యూదా దగ్గర ఆగిపోయాను. ముప్పై వెండి నాణేలూ తిరిగిచ్చేశాడు, అచ్చం నాలాగే. పాపం చేశానని కూడా అన్నాడు. కానీ ఎవరితో? "దానితో మాకేమి" అన్న యాజకులతో. ప్రభువును ఎరగనని బొంకిన పేతురు పైసా కట్టలేదు, ప్రభువు ముందుకు మాత్రం వచ్చాడు.

శనివారం దూరవాణినగర్‌లో మా సంఘ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. అక్కడి ఐటీఐ టెలిఫోన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. అంతా విని, "డబ్బు కట్టావు సరే, ఆట మానావా నాయనా?" అన్నారు. మానలేదన్నాను. ఆయన ముందే యాప్ తీసేయించారు. తర్వాత, మన పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడన్న మొదటి యోహాను 1:9 రెండుసార్లు చదివించారు, రెండోసారి "మన పాపములను" అన్నచోట "నా రమ్మీని" అని. ఆ తర్వాత, "లెక్కలు రేపటినుంచి వేరేవాళ్ళు చూస్తారు. ఎందుకో కమిటీకి నువ్వే చెప్పాలి" అన్నారు.

కాబట్టి నన్నడిగితే ముందు మూడోది, దాని వెనకాలే రెండోది. వాగ్దానం పట్టుకోవలసిందే, కానీ నోరు విప్పి ఒప్పుకున్నాకే అది నాకు తాడులా చేతికందింది. కమిటీలో ఒక సిస్టర్ ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. లెక్కల పని ఇప్పటికీ నాకు ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే మంచిది.

ఆ నెల బల్ల ఆదివారం రొట్టె పళ్ళెం మా వరసకి పెద్దాయనే పట్టుకొచ్చారు. నేను తటపటాయిస్తుంటే, "తీసుకో, వెనక వరసలు ఇంకా ఉన్నాయి" అన్నారు.