ఫస్ట్ పీరియడ్ కిట్: స్కూల్ బ్యాగులోకి ఏం వెళ్లింది, ఏం మిగిలిపోయింది

మా అమ్మాయికి పదకొండేళ్లు. ఇంకా పీరియడ్స్ మొదలవలేదు కానీ అట్టే కాలం పట్టదని తెలుస్తూనే ఉంది. చాలామందికి 12, 13 ఏళ్ల మధ్య వస్తుందంటారు, కొందరికి 9కే వస్తుంది, అందుకని వయసు కంటే ఒంట్లో వచ్చే మార్పులు చూసుకోవడమే నయం. ఛాతీ పెరగడం మొదలైన రెండు, రెండున్నరేళ్లకు సాధారణంగా మొదటి పీరియడ్ వస్తుంది, దానికి ఆరు నెలల నుంచి ఏడాది ముందే తెల్లబట్ట కనిపిస్తుంది. ఇంట్లో ఉండగా వస్తే ఏ గొడవా లేదు, స్కూల్లో వస్తేనే టెన్షన్. అందుకే ఆన్‌లైన్‌లో ఫస్ట్ పీరియడ్ కిట్ ఒకటి తెప్పించాను. కంపెనీ పేరు రాయట్లేదు, నేను చూసినంతలో ఈ కిట్లన్నీ అటూ ఇటుగా ఒకేలా ఉన్నాయి, కాబట్టి వేరేది కొనేవాళ్లకీ ఇది పనికొస్తుంది.

పెట్టెలో ఒక జిప్ పౌచ్, మూడు సైజుల్లో ప్యాడ్లు, ప్యాంటీ లైనర్లు (పల్చటి చిన్న ప్యాడ్లు), వెట్ వైప్స్, వాడినవి చుట్టి పారేయడానికి కవర్లు, ఒక చిన్న పుస్తకం, ఇంకా ఒక స్టిక్కర్ల షీటు ఉన్నాయి. స్టిక్కర్లు దేనికో నాకైతే అర్థం కాలేదు, మావాడు పట్టుకుపోయాడు.

ప్రతి వస్తువునీ ఒకటే లెక్కలో చూశాను. క్లాసు మధ్యలో లేచి వెళ్లి, బాత్రూం తలుపు వేసుకుని, పిల్ల ఒక్కతే కంగారు పడకుండా దీన్ని వాడుకోగలదా?

పౌచ్ ఇక్కడే ఫెయిల్. గుడ్డ మంచిది, జిప్ గట్టిది, కానీ ముందువైపు మెరిసే అక్షరాలతో ‘నా మొదటి పీరియడ్’ అని ఇంగ్లీషులో ఇంత లావున రాసి పెట్టారు. మా అమ్మాయి దాన్ని ఒక్కసారి చూసి, "అమ్మా, ఇది బ్యాగులోంచి తీస్తే క్లాసు మొత్తానికి అనౌన్స్ చేసినట్టే కదా" అంది. ఈ డిజైన్ ఓకే చేసిన పెద్దమనుషులు పదకొండేళ్ల పిల్లతో ఒక్కసారైనా మాట్లాడి ఉంటారా అని నా డౌటు. సామానంతా ఒక మామూలు పెన్సిల్ పౌచ్‌లోకి మార్చేశాం. ఇంకో సంగతి, ప్యాడ్ రేపర్ విప్పుతుంటే కరకరమని చప్పుడొస్తుంది. ఇంట్లో పట్టించుకోం గానీ, పక్క గదిలో క్లాస్‌మేట్ ఉన్నప్పుడు ఆ చప్పుడుకే పిల్లలు బిగుసుకుపోతారు. ఒక ప్యాడ్‌ని ముందే రేపర్ తీసి, శుభ్రమైన చిన్న గుడ్డ సంచిలో పెట్టి ఇచ్చాను. మొదటిసారికి అది తీసుకుంటే చాలు.

ఇక ప్యాడ్లు. 240, 280, 320 మిల్లీమీటర్లవి ఇచ్చారు. 320ది ఈ వయసు పిల్లల డ్రాయరుకి ముందూ వెనకా బయటికి పొడుచుకొస్తుంది, రాత్రికి తప్ప పనికిరాదు. 240 సరిగ్గా కూర్చుంది. జిగురు బాగా పట్టింది, వింగ్స్ కూడా మడిస్తే ఊడట్లేదు. పైపొర జాలీ ప్లాస్టిక్ కాకుండా మెత్తటి కాటన్, దానికి ఫుల్ మార్కులు.

నాకు ఈ కిట్‌లో అన్నిటికంటే నచ్చింది, పాడుచేసుకోవడానికి సరిపడా ప్యాడ్లు ఉండటం. మా అమ్మాయి మొదటి ప్యాడ్‌ని జిగురు పైకి పెట్టి అంటించబోయింది, ఇద్దరం పడీ పడీ నవ్వాం. రెండోది సరిగ్గా పెట్టుకుని ఓ సాయంత్రమంతా ఇంట్లో వేసుకుని తిరిగింది, కూర్చుంది, గెంతింది, "డైపర్‌లా ఉంది" అని మొహం పెట్టింది, తర్వాత దాని ఊసే మర్చిపోయింది. మూడోదాని మీద రంగు కలిపిన నీళ్లు చెంచాతో పోసి చూపించాను. ఒక పీరియడ్ మొత్తానికి పోయే రక్తం మామూలుగా 30, 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు, అదీ కొన్ని రోజుల మీద. బకెట్లు బకెట్లు పోతుందని ఊహించుకున్న పిల్ల ఆ చెంచాలు చూసి "ఇంతేనా!" అంది. (నీళ్లు రక్తం కంటే తేలిగ్గా ఇంకిపోతాయి, కాబట్టి ప్యాడ్ ఎంత పీలుస్తుందో దీంతో తేల్చకండి.)

సెంటు మాత్రం క్షమించలేను. లైనర్లకీ వైప్స్‌కీ రెండిటికీ పూల వాసన. అక్కడి చర్మానికి సెంటు అక్కర్లేదు, దురద, మంట రావడానికి అదొక కారణం, మంచినీళ్లతో కడుక్కుంటే సరిపోతుంది. రెండూ తీసి అవతల పడేశాను.

పుస్తకం బొమ్మలతో ముచ్చటగా ఉంది, విషయానికొచ్చేసరికి సగమే. 28 రోజులకోసారి వస్తుందని రాశారు, మొదట్లో అలా గడియారం పెట్టినట్టు రాదు. మొదటి ఒకటి రెండేళ్లు 21 నుంచి 45 రోజుల వరకూ తేడాగా రావడం మామూలే. మొదటిసారి ఎర్రగానే ఉండాలని కూడా లేదు, గోధుమరంగు మరక కొంచెం కనబడి ఆగిపోవచ్చు. ఇది ముందే చెప్పకపోతే పిల్ల అదేదో ఇంకేదో అనుకుని దాచేసుకుంటుంది. డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్లాలో ఒక్క ముక్క లేదు. గంటా రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతున్నా, వారం దాటినా ఆగకపోయినా, రెండు పీరియడ్ల మధ్య మూడు నెలలు దాటినా, 15 ఏళ్లొచ్చినా మొదలవకపోయినా చూపించాలి. ఇవన్నీ పెన్సిల్‌తో అంచుల్లో నేనే రాసిపెట్టాను. ప్యాడ్ నిండినా నిండకపోయినా నాలుగైదు గంటలకోసారి మార్చుకోవాలనీ, టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయకూడదనీ మాత్రం పుస్తకంలో స్పష్టంగా ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైనది కిట్‌లో లేనేలేదు, ఇంకో డ్రాయరు! మొదటిసారి ప్యాడ్ పెట్టుకుని ఎవరూ ఎదురుచూడరు, ముందు తడిసేది డ్రాయరే కదా. ముదురు రంగుది ఒకటి, తడిసినది పెట్టుకోవడానికి జిప్ కవరు ఒకటి నేనే కలిపాను. మరకని చన్నీళ్లతో ఉతకాలని నేర్పాను, వేడినీళ్లు పోస్తే పట్టేసుకుంటుంది. క్లాసులో సారు ఉంటే ఏం చెప్పాలని అడిగింది. "బాత్రూంకి వెళ్లాలి, అర్జెంటు" అంటే చాలు, ఇంకేం వివరించక్కర్లేదు అన్నాను. పౌచ్ దగ్గర లేకపోతే టిష్యూ మడిచి పెట్టుకుని నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్లమన్నాను, ఏ మేడమ్‌కి చెప్పాలో తనే ఎంచుకుంది.

విడిగా ఒక పీరియడ్ ప్యాంటీ కూడా కొన్నాను. తడి పీల్చుకునే పొర, దాని కింద కారకుండా ఆపే పొర లోపలే కుట్టేసి ఉంటాయి. కడుపులో నొప్పిగా ఉందన్న రోజు వేసుకెళ్తే మొదటిసారి గుండె జారిపోయే పని ఉండదు. కాకపోతే స్కూల్లో మార్చుకోవాలంటే బూట్లతో సహా అన్నీ విప్పాలి, కాబట్టి ప్యాడ్లకి తోడుగానే తప్ప వాటి బదులుగా కాదు. కొనేటప్పుడు లేబుల్ మీద పీఎఫ్ఏఎస్ (తడి, మరకలు అంటకుండా బట్టలకి వాడే ఒక రకం రసాయనాలు, ఒంటికి మంచివి కావంటారు) లేదని ఉందో లేదో చూడండి. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు, పీల్చే గుణం తగ్గిపోతుంది.

కిట్‌కి ఐదుకి మూడు ఇస్తాను, మూడూ ప్యాడ్లకే. అవే విడిగా కొంటే తక్కువలో పోతుంది. ఎలా తయారు చేసుకున్నా, అప్పుడప్పుడూ పౌచ్ తీసి చూస్తుండండి, ఈ వయసులో ఎదుగుదలకి అందులో పెట్టిన డ్రాయరు ఇట్టే బిగుతైపోతుంది.