రొయ్యల ల్యాబ్ మైక్రోస్కోప్‌లో బొమ్మ పెద్దది కావాలంటే ఏది మేలు: ఐపీసా, ఆబ్జెక్టివా, కెమెరా అడాప్టరా?

మా ల్యాబ్‌కి వచ్చే రైతులందరిదీ ఒకటే మాట. "అబ్బయ్యా, ఇంకొంచెం పెద్దది చేసి చూపీ." అల్లూరు, కావలి నుంచి సింగరాయకొండ, కొత్తపట్నం దాకా వనామీ రొయ్యల గుంటలు ఉన్న దారంతా ఇలాంటి చిన్న ల్యాబులే: ఒక బల్ల, ఒక మైక్రోస్కోప్, పక్కన మానిటర్, ఇంక్యుబేటర్‌లో విబ్రియో బ్యాక్టీరియాని పెంచి చూసే నాలుగు టీసీబీఎస్ ప్లేట్లు. రొయ్య మేత తగ్గించిందన్నా, చెక్‌ట్రేలో (మేత తిన్నదో లేదో చూసే పళ్ళెం) తెల్ల రెట్ట దారాలు కనబడ్డాయన్నా, దాని హెచ్‌పీ (హెపటోపాంక్రియాస్, మన కాలేయం లాంటిది) తీసి స్లైడ్ మీద నలిపి చూస్తాం. చూసేది రైతు కూడా కాబట్టి బొమ్మ ఎంత పెద్దగా ఉంటే ఆయనకు అంత నమ్మకం. నేనూ మొదట్లో ఆ మాటకు పడిపోయి, ఉన్న దారులన్నీ ఒక్కొక్కటిగా డబ్బు పెట్టి చూశాను.

అన్నిటికన్నా చవక దారి ఐపీస్, అంటే కన్ను ఆనించి చూసే లెన్సు, మార్చడం. మైక్రోస్కోప్‌తో వచ్చిన 10 ఎక్స్ జత తీసేసి 20 ఎక్స్ జత పెట్టా, స్క్రూ కూడా విప్పక్కర్లేదు, 40 ఆబ్జెక్టివ్ (స్లైడ్ వైపు ఉండే లెన్సు) మీద 400 రెట్లు కాస్తా 800 అయింది. మొదటి పది నిమిషాలు సంబరమే. తర్వాత తెలిసింది, బొమ్మ పెరిగిందే గానీ అందులో కొత్తగా ఏమీ రాలేదని. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోని పుట్టినరోజు ఫ్లెక్సీకి ఇస్తే మొహం ఎట్టా ఉంటుందో అట్టా. వెలుగు నాలుగో వంతుకు పడిపోయింది, కనబడే మేర సుమారు సగానికి తగ్గింది. అన్నిటికీ మించి, స్లైడ్‌లో సన్న దారాలు తేలుతున్నట్టు కనబడితే ఏదో కొత్త పరాన్నజీవి అనుకుని ఒక పూటంతా తంటాలు పడ్డా. స్లైడ్ కదిపితే కదలవు, కన్ను తిప్పితే కదులుతాయి! అవి నా కంటిలోపలి పోగులే. ఐపీస్ నుంచి బయటికొచ్చే కాంతి కడ్డీ మరీ సన్నబడితే ఎవరికైనా ఇంతే.

ఎందుకిలా అంటే, ఆబ్జెక్టివ్ మీద 40/0.65 అని చెక్కి ఉంటుంది చూడండి, అందరం ఆ 40 చదివి ఊరుకుంటాం, అసలు సంగతి రెండో అంకెలో ఉంది. అది న్యూమరికల్ అపర్చర్, అంటే ఆ లెన్సు ఎంత వెడల్పు కోణంలో వెలుగుని పట్టుకోగలదో చెప్పే అంకె. పక్కపక్కన ఉన్న రెండు చుక్కలు రెండుగా కనబడాలంటే మధ్య ఎంత దూరం ఉండాలో 1873లోనే జర్మనీలోని యెనాలో ఎర్న్‌స్ట్ అబ్బే లెక్క కట్టాడు: కాంతి తరంగదైర్ఘ్యాన్ని ఈ అంకెకు రెట్టింపుతో భాగించాలి. ఆకుపచ్చ వెలుగు 0.55 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) అనుకుంటే 0.65కి వచ్చేది 0.42 మైక్రాన్లు. అంతకన్నా దగ్గరగా ఉన్నవి ఆబ్జెక్టివ్ దగ్గరే కలిసిపోయాయి, పైన ఐపీస్ కూర్చుని ఏం విడదీస్తుంది? దీన్నుంచి ఒక వాడుక లెక్క వచ్చింది, మొత్తం పెంపు ఈ అంకెకు 500 నుంచి 1000 రెట్ల మధ్య ఉంటేనే పనికొస్తుందని. 0.65కి గరిష్ఠం 650. కాబట్టి 15 ఎక్స్ ఐపీస్ పెడితే 600, ఇంకా హద్దులోనే ఉంటుంది, చూపు కాస్త తక్కువగా ఉన్నవాళ్ళకు నిజంగా సాయమే. 20 ఎక్స్ మాత్రం దండగ.

ఇక ఆబ్జెక్టివ్ మార్చడం. స్లైడ్ మీద నూనె చుక్క వేసి చూసే 100/1.25 ఆయిల్ లెన్సు పెడితే ఆ 0.42 కాస్తా 0.22కి దిగుతుంది. మాకు ఇది ఈహెచ్‌పీ (రొయ్య హెచ్‌పీలో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి) దగ్గర తెలిసింది. దాని స్పోర్, అంటే బీజం, రెండు మైక్రాన్ల పొడవు కూడా ఉండదు. 40లో ఇసుక రేణువు లాంటి మెరిసే చుక్క, కొవ్వు బొట్టో స్పోరో తేల్చి చెప్పలేం. 100లో, రంగు వేసిన స్మియర్ (స్లైడ్ మీద పలచగా పూసి ఆరబెట్టింది) మీద, కోలగా అంచుతో సహా నిలబడుతుంది. అలాగని దాన్ని చూసి తీర్పు ఇచ్చేయడం లేదు లెండి, పీసీఆర్ జన్యు పరీక్షకి పంపేదే.

కానీ ఆయిల్ లెన్సుతో కాపురం అంత సుఖం కాదు. లెన్సుకీ కవర్‌స్లిప్‌కీ మధ్య సందు మిల్లీమీటర్‌లో పదో వంతు, ఇంకొంచెం. తడి స్లైడ్ అయితే స్టేజి కదిపినప్పుడల్లా నూనె జిగటకు కవర్‌స్లిప్ కూడా వెంట వచ్చేస్తుంది, కింద హెచ్‌పీ ముద్ద జారిపోతుంది. కనబడే మేర 0.45 మిల్లీమీటర్ల నుంచి 0.18కి తగ్గుతుంది, వెతకడమే పెద్ద పని. చూసేశాక టరెట్ (లెన్సులు బిగించిన తిరిగే పళ్ళెం) వెనక్కి తిప్పితే 40 లెన్సు వచ్చి ఆ నూనెలోనే ముక్కు పెడుతుంది. మా దాంట్లో రెండు సార్లు జరిగింది, 40 మసకబారిందని కొత్తది కొనబోయి, చివరికి లెన్స్ పేపర్‌తో తుడిస్తే బాగుపడింది. నూనె విషయంలోనూ కక్కుర్తి పడొద్దు. సీడర్‌వుడ్ ఆయిల్ వక్రీభవన గుణకం (వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె) గాజుకు దగ్గరగా 1.51 ఉంటుంది, కానీ తుడవకుండా వదిలేస్తే గట్టిపడి లెన్సుకు పట్టేస్తుంది. లిక్విడ్ పారఫిన్ వాడేవాళ్ళున్నారు, అది 1.48 కూడా దాటదు, ఆ మేరకు బొమ్మ మెత్తబడుతుంది.

మధ్యే మార్గంగా 60/0.85 అని నూనె అక్కర్లేని లెన్సు ఒకటుంది. 0.32 మైక్రాన్ల దాకా విడదీస్తుంది. గుంట నీళ్ళలో ఆల్గే, గట్‌లో గ్రెగరైన్లు, మొప్పల మీద జూథామ్నియం లాంటి ఏకకణ జీవులు, ఇలా రోజూ తడి స్లైడ్లే చూసేవాళ్ళకు నేనైతే ఇదే చెబుతా. ఒక్క పేచీ ఉంది. 0.17 మిల్లీమీటర్ల కవర్‌స్లిప్ తప్పితే దీనికి నచ్చదు, మందం తేడా వస్తే తెర కప్పినట్టు కనబడుతుంది.

కొనేముందు లెన్సు ఒంటి మీద 160 అని ఉందో, పడుకోబెట్టిన ఎనిమిదిలాంటి అనంతం గుర్తు ఉందో చూసుకోండి. 160 అంటే ట్యూబ్ పొడవు మిల్లీమీటర్లలో, వాటిని అనంతం లెన్సుల కోసం చేసిన మైక్రోస్కోప్ బాడీకి తగిలించకూడదు, ఇవతలివి అవతలా అంతే. ట్యూబ్ సాగదీస్తే పెంపు పెరుగుతుందని చెప్పే తెలివైనవాళ్ళూ ఉన్నారు, పెరుగుతుంది, లెన్సుని ఏ దూరానికి లెక్కకట్టి చేశారో అది తప్పిపోయి అంచులు కూడా పాడవుతాయి.

కెమెరా సంగతి. మా సెన్సర్‌లో పిక్సెల్ 2.2 మైక్రాన్లు, ముందు 0.5 ఎక్స్ అడాప్టర్ (బొమ్మని కెమెరాకి అందించే లెన్సు) ఉండేది. దాన్ని తీసి 1 ఎక్స్ పెడితే మానిటర్ మీద రొయ్య పేగు గోదావరంత కనబడుతుందని అమ్మినాయన చెప్పాడు, అదీ నిజమే. కానీ 0.42 మైక్రాన్ల వివరం 40 రెట్లు పెరిగి, అడాప్టర్‌లో సగమైనా, సెన్సర్ మీద 8 మైక్రాన్ల పైన పడుతోంది, అంటే దాదాపు నాలుగు పిక్సెళ్ళు. రెండు మూడు చాలు. 0.5తోనే అంతా దొరికిపోతుంటే 1 ఎక్స్‌తో పోగొట్టుకున్నది వైశాల్యం ఒక్కటే. పైగా అడాప్టర్ మార్చాక స్కేల్ కొత్తగా కట్టడం మరిచిపోయి వారం రోజులు ప్రతి కొలతా రెట్టింపు రాసిచ్చాను. ఆల్గే కాబట్టి ఎవరికీ నష్టం జరగలేదు.

పైసా ఖర్చు లేని దారి ఇంకోటి స్లైడ్ కింద ఉంది, ఎవరూ అటు చూడరు. కండెన్సర్‌ని (వెలుగుని స్లైడ్ మీదకి కూడగట్టే లెన్సు) బాగా పైకి లేపి, ఐరిస్‌ని (దానికుండే వెలుగు ద్వారం) ఆబ్జెక్టివ్ వెడల్పులో ముప్పావు వంతు తెరిస్తే, అదే 40 లెన్సు కొత్తదానిలా పనిచేస్తుంది. చాలా ల్యాబుల్లో కాంట్రాస్ట్ బాగుందని ఐరిస్ మూసేసి పెడతారు, డబ్బు పోసి కొన్న 0.65లో సగం అక్కడే కాలవలో కలుస్తుంది.

కాబట్టి నన్నడిగితే ముందు కండెన్సర్, తర్వాత ఆబ్జెక్టివ్, డబ్బు మిగిలితే 15 ఎక్స్ ఐపీస్. మొన్న ఒకాయన వైట్ స్పాట్ వైరస్ చూపించమన్నాడు, దాని పొడవు 0.3 మైక్రాన్లు, వెడల్పు 0.1 దగ్గర, ఈ జాతి మైక్రోస్కోప్‌లో ఏ లెన్సుకీ దాని రూపం దొరకదని చెబితే నా వంక అనుమానంగా చూశాడు.

ఆ 20 ఎక్స్ జతలో ఒకటి ఎవరికో ఇచ్చేశా. రెండోది డ్రాయర్‌లో సిలికా జెల్ పొట్లాల పక్కన ఉంటుంది, దాన్ని తలకిందులుగా కంటికి ఆనించుకుని 40 లెన్సు మూతి మీద నూనె మరక ఉందా లేదా అని చూస్తుంటా, ఆ పనికి మాత్రం దానంత బాగా ఏదీ పనికిరాదు.