విశాఖ చలికాలం: కొండ మీద మంచు, ఊళ్లో తాబేళ్లు

డిసెంబర్ వచ్చిందంటే విశాఖలో సగం ఊరు అరకు రోడ్డు పడుతుంది. మిగతా సగం అరకు చూడ్డానికి వచ్చిన చుట్టాలకి భోజనాలు పెడుతుంది. మా అన్నయ్యా వదినా పిల్లలతో హైదరాబాద్ నుంచి దిగడంతో ఈసారి మాకు రెండూ తప్పలేదు. కొండలూ ఎక్కాం, ఊళ్లో జరిగే నేచర్ వాక్‌లకీ వెళ్లాం. ఖర్చు, ఒళ్లు నొప్పులు, పిల్లలకి నిజంగా దక్కింది, ఈ మూడూ చూస్తే నా ఓటు ఊళ్లోవాటికే. మా అన్నయ్య మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు.

ముందు సముద్రం సంగతి. ఇక్కడ ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ లాంటి స్థానిక బృందాలు, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో రాళ్ల మధ్య జీవాల్ని చూపించే మెరైన్ వాక్‌లు పెడుతుంటాయి. మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా గుజరాత్ వైపు ఉన్నంత ఉండదు. అమావాస్యకో పౌర్ణమికో అటూ ఇటూగా సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడే రాళ్ల గుంటలు సరిగ్గా బయటపడతాయి. కాబట్టి వాక్ మన సెలవు చూసుకుని జరగదు. చెప్పిన టైముకి పావుగంట లేటైతే ఆ మేరకు చూసేది పోయినట్టే. మన వాళ్లకి ఇది కొంచెం కష్టం.

మేం వెళ్లింది తెన్నేటి పార్కు వైపు రాళ్ల దగ్గరికి. 2020 అక్టోబర్‌లో బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చి ఇరుక్కున్న ఒడ్డు అది. ఓడని చూడ్డానికి ఊరంతా ఎగబడింది గానీ, దాని పక్కనే రాళ్లలో ఏముందో అప్పుడు ఎవరం వంగి చూడలేదు. ఒక రాయి పైభాగమంతా పచ్చగా, మెత్తటి నాచులా కనిపిస్తే మా చిన్నది కాలు పెట్టబోయింది. గైడ్ చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మా, అవన్నీ ప్రాణాలే" అన్నాడు. జోయాంథిడ్లట, పగడాలకి దాయాదులు. వంగి చూస్తే ఒక్కొక్కటీ చొక్కా గుండీ అంతుంది, మధ్యలో నోరు, చుట్టూ సన్నటి అంచు. నీడ పడగానే కొన్ని ముడుచుకున్నాయి. వాటిలో కొన్ని రకాలకి విషం ఉంటుంది, ముట్టుకోవద్దని కూడా చెప్పాడు. పక్క గుంటలో ఒక పీత చిన్న శంఖంలోంచి బయటికొచ్చి, కొంచెం పెద్ద శంఖంలోకి వెనక్కి వెనక్కి దూరింది. ఇల్లు మారడం అంతా కలిపి రెండు మూడు సెకన్లు. పిల్లలు అక్కడి నుంచి కదిలితే ఒట్టు.

సర్వీసు పరంగా చెప్పాలంటే గైడ్‌కి నూటికి నూరు మార్కులు, మిగతా ఏర్పాట్లకి పాస్ మార్కులు. మనుషులు ఎక్కువై వెనకున్నవాళ్లకి మాట వినపడలేదు. పెద్దవాళ్లు కూర్చోడానికి నీడ లేదు. ఆడవాళ్లు టాయిలెట్ కోసం మళ్లీ రోడ్డెక్కాలి. రబ్బరు చెప్పులతో వెళ్తే పాచి మీద జారడం ఖాయం, వెనక పట్టీ ఉన్న శాండిల్స్ వేసుకోండి. గవ్వలు ఏరుకుని జేబులో వేసుకోవడం కుదరదని ముందే చెప్తారు. ఖాళీ గవ్వ కూడా ఏదో ఒక పీతకి రేపటి ఇల్లు కదా.

కంబాలకొండ ఇంకో రకం. జూకి హైవే అవతల, ఊరిని ఆనుకుని 70 చదరపు కిలోమీటర్ల అడవి ఉండటం ఏ నగరానికి దక్కుతుంది! ఒకప్పుడు విజయనగరం రాజుల ఆధీనంలో ఉండేది, 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. చిరుతలున్నాయి. మనకి కనపడవు, కనపడకపోవడమే ఇద్దరికీ మంచిది. ఇక్కడ నా ఫిర్యాదల్లా కార్తీక మాసం ఆదివారాల మీద. వనభోజనాలు మనకున్న పాత అలవాటు. ఉసిరి చెట్టు కింద నలుగురూ కలిసి తినడం కంటే మంచి చలికాలపు కార్యక్రమం నాకు తెలీదు. కానీ బ్లూటూత్ స్పీకర్ తెచ్చాక అది వనం కాదు, ఫంక్షన్ హాలు. కార్తీకం వెళ్లిపోయాక వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే అదే చోటు పూర్తిగా వేరేగా ఉంటుంది. మేం అలా వెళ్లినప్పుడు గుబురుగా పెరిగిన వెదురు పొద దగ్గర పిట్టల కూతలు తప్ప ఏమీ లేవు. బోటు షికారు బాగానే ఉంది గానీ చిన్న చెరువు, వెంటనే అయిపోతుంది. దానికంటే నడక దారే మేలు, గైడ్ దొరికితే తప్పకుండా తీసుకోండి. ఆ కాస్త డబ్బుకీ వెనకాడకండి.

పనిలో పనిగా జూకి వెళ్లాలనుకుంటే సోమవారం సెలవని గుర్తుంచుకోండి. మా వాళ్లు అదొక్కటీ కావాలన్నారు, వెళ్లాం, వచ్చాం. చలికాలం ఎండ మెత్తగా ఉంటుంది కాబట్టి నడవగలం, అంతకు మించి చెప్పేదేం లేదు.

ఇక కొండలు. వంజంగి కొండ మీంచి తీసిన మేఘాల ఫొటోలు చూసి అన్నయ్య హైదరాబాద్‌లోనే డిసైడైపోయాడు. విశాఖ నుంచి వంద కిలోమీటర్ల పైమాటే, సూర్యోదయానికి అందుకోవాలంటే అర్ధరాత్రి బయల్దేరాలి, లేదా పాడేరులో దిగాలి. మేం దిగిన లాడ్జి పేరు ఇక్కడ ఎందుకు గానీ, వేడినీళ్లు ఉన్నాయని ఫోన్‌లో చెప్పి, తీరా తెల్లవారుజామున అడిగితే "కరెంటు లేదండి" అన్నారు. దుప్పట్లకి అదనంగా తీసుకున్నారు. పండగ వారంలో రేటు మామూలు కంటే రెట్టింపుకు పైనే. పైకి ఎక్కాక మేఘాలు కనిపించాయి, నిజంగానే కనిపించాయి, లోయ నిండా తెల్లగా. వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. కానీ ముందు వరసలో సెల్ఫీ స్టిక్కులు దాటి చూడాలి, దారి పొడవునా టీ కప్పులు తొక్కుతూ దిగాలి. సంక్రాంతి సెలవుల్లో చిన్న పిల్లలతో వెళ్లమని మాత్రం ఎవరికీ చెప్పను.

అరకు సంగతి కొంచెం నయం. పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే ప్రయాణమే సగం యాత్ర. కొత్తవలస - కిరండూల్ లైన్లో సొరంగాలే 58 ఉన్నాయి, వచ్చిన ప్రతి సొరంగంలోనూ బోగీ అంతా కేకలే. అద్దాల విస్టాడోమ్ బోగీ టికెట్లు ముందే అయిపోతాయి. దొరక్కపోయినా బాధ లేదు, మామూలు బోగీలో కిటికీ తెరుచుకుంటుంది, అనంతగిరి చల్లగాలి మొహానికి తగులుతుంది. వలిసె పూలు చూడాలంటే నవంబర్‌లోనో డిసెంబర్ మొదట్లోనో వెళ్లాలి. మేం వెళ్లేసరికి చాలా చేలు ఎండిపోయి, మిగిలిన నాలుగు మడుల దగ్గర ఫొటోకి ఇంత అని వసూలు చేస్తున్నారు. రైతు చేను తొక్కుతున్నప్పుడు ఆ డబ్బు ఇవ్వడం న్యాయమే అనిపించింది. నాకు నచ్చింది కాఫీ తోట. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటే, వాటి నీడలో ఎర్రగా పండిన కాఫీ కాయలు కోస్తున్నారు. ఒక పెద్దామె కాయ నొక్కి గింజ తీసి పిల్లల చేతిలో పెట్టింది. చుట్టూ ఉన్న గుజ్జు తియ్యగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

పిట్టల కోసమైతే కొండకర్ల ఆవ అనే సరస్సు. అచ్యుతాపురం దగ్గర, విశాఖ నుంచి గంటన్నర. తాటి మొద్దులు తొలిచి రెండేసి జతగా కట్టిన దోనెల్లో తిప్పుతారు. కూర్చుంటే నీళ్లు నడుము పక్కనే ఉంటాయి, భయమున్నవాళ్లు లైఫ్ జాకెట్ అడిగి మరీ తీసుకోండి, అడక్కపోతే ఇవ్వరు. రేటు ఎక్కకముందే మాట్లాడుకోవాలి. తామరాకుల మీద పొడుగు వేళ్లతో నడిచే జకానాలు, ఊదారంగు నీటికోళ్లు, ఈలవేసే బాతులు దగ్గర్నుంచి కనిపించాయి. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది. ఆ రోజుల్లో స్థానిక పక్షి ప్రేమికులతో కలిసి వెళ్లగలిగితే బైనాక్యులర్సూ దొరుకుతాయి, పేర్లు చెప్పే మనిషీ దొరుకుతాడు. ఉదయం ఎనిమిదిన్నర దాటితే ఎండకి పిట్టలు గడ్డిలోకి వెళ్లిపోతాయి.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు సాయంత్రం ఒక గంట. జాతీయ భూవారసత్వ స్థలం అది. అయినా వానకి తెగిన గోడల మీదికి ఎక్కి రీల్స్ తీస్తున్నారు.

అన్నిటికంటే నాకు విలువైనదనిపించింది తాబేళ్ల హేచరీ, అంటే గుడ్లు కాపాడి పిల్లలయ్యేదాకా ఉంచే చోటు. చుట్టాలు వెళ్లిపోయాక మేమే వెళ్లాం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఒడ్డుకి వచ్చి గుడ్లు పెడతాయి, ఒక్కో గూట్లో సుమారు వంద. కుక్కలూ నక్కలూ తవ్వేయకుండా అటవీశాఖ వాళ్లు వాటిని జాగ్రత్తగా హేచరీకి మార్చి పాతిపెడతారు. నెలన్నర, రెండు నెలలకి పిల్లలొస్తాయి. మేం వెళ్లినరోజు తెల్లవారకముందే బుట్టలో తెచ్చి నీటికి కొంచెం దూరంగా వదిలారు. అరచేతిలో సగం ఉన్న పిల్ల, ఇసుకలో తిప్పలు పడుతూ నడిచి, మొదటి అల వెనక్కి తోసేస్తే మళ్లీ లేచి నడిచింది. ఎవరో ఫోన్ లైటు వేశారు. హేచరీ కాపలా ఆయన గట్టిగానే అరిచాడు: "లైటు కొట్టకండి బాబూ, దారి తప్పేస్తాయి! మళ్లీ రోడ్డు వైపు ఎళ్లిపోతాయి!"

ఆయన్నే మా పెద్దాడు అడిగాడు, బీచ్‌లో చచ్చిపోయి పడి ఉండే పెద్ద తాబేళ్ల సంగతేంటని. చాలామంది గైడ్లు ఇలాంటి ప్రశ్న దాటేస్తారు, ఆయన దాటెయ్యలేదు. ట్రాలర్ల, అంటే పెద్ద మరపడవల, వలల్లో చిక్కితే పైకొచ్చి గాలి పీల్చుకోలేక చచ్చిపోతాయని చెప్పాడు. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది. తల్లులు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం అప్పటికి చాలావరకు అయిపోతుంది. వలలో తాబేలు బయటపడే దారి పెట్టుకోవచ్చు, కానీ దాంట్లోంచి చేపలు కూడా పోతాయని మత్స్యకారులకి భయం. పిల్లాడికి అర్థమయ్యేలా రెండు వైపులా చెప్పాడాయన.

తాబేలు పిల్లల్ని వదిలే రోజు ముందే ఖరారుగా తెలీదు, గూళ్లు ఎప్పుడు పగిలితే అప్పుడే. ఫిబ్రవరి నెలాఖరు నుంచి హేచరీ వాళ్లనో, వాక్‌లు పెట్టే బృందాలనో కనుక్కుంటూ ఉండండి, కబురు వచ్చిన మర్నాడు నాలుగున్నరకల్లా ఒడ్డున ఉండాలి. టికెట్టు లేదు, పార్కింగు గోల లేదు, ఫ్లాష్ లేని ఫోన్ చాలు.