జాగ్రత్త: ఐబ్రోస్ మైక్రోబ్లేడింగ్ అయ్యాక చేతిలో పెట్టే పేరులేని క్రీమ్ డబ్బా

ఐబ్రోస్‌కి మైక్రోబ్లేడింగ్ (చర్మం మీద సన్న గీతలు కోసి రంగు దించి కనుబొమ్మలు నిండుగా కనిపించేలా చేయడం) చేయించుకుందామనుకుంటున్న వాళ్లు డబ్బులు కట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. చేసే పని గురించి కాదు నా గోల, చేశాక పది రోజుల గురించి. నాకు చేసిన అమ్మాయి చెయ్యి నిజంగా బాగుంది. గీతలు సన్నగా, అసలు వెంట్రుకల్లాగే వచ్చాయి. పాడైందంతా ఇంటికొచ్చాకే. వాళ్లు అంటగట్టిన క్రీమ్ సగం పాడు చేస్తే, వాళ్లు చెప్పని జాగ్రత్తలు మిగతా సగం పాడు చేశాయి.

మాది విజయవాడ. నాకు చిన్నప్పటి నుంచీ కనుబొమ్మలు పల్చన, ఎడమవైపు చివర అయితే లేనట్టే. పొద్దున పెన్సిల్‌తో దిద్దుకుంటే మధ్యాహ్నానికి చెమటకి చెదిరిపోయేది. మే నెలలో చెల్లి పెళ్లి. ఫొటోల్లో అయినా బాగుండాలని పెళ్లికి 12 రోజుల ముందు బెంజ్ సర్కిల్ వైపు ఒక పార్లర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆఫర్‌లో 9,000 రూపాయలు. ఫోన్‌లో నేను అడిగిన మొదటి మాటే "పెళ్లి ఉందండీ, టైమ్ సరిపోతుందా?" అని. "రెండో రోజే ఫంక్షన్‌కి వెళ్లిపోవచ్చు మేడమ్, ఏమీ తెలియదు" అన్నారు.

తెలియకపోవడమేంటి! పెన్ను లాంటి పిడికి చివర సన్న సూదులు వరసగా ఉంటాయి. దాంతో చర్మం మీద గీతలు కోసి, ఆ కోతల్లోకి రంగు దించుతారు. పేరుకి సెమీ పర్మనెంట్ మేకప్, పని మాత్రం పచ్చబొట్టు పనే. రంగు మరీ లోతుకి వెళ్లదు కాబట్టి ఏడాది నుంచి మూడేళ్ల లోపు వెలిసిపోతుంది, అంతే తేడా. పార్లర్ నుంచి మనం ఇంటికి తెచ్చుకునేది రెండు పచ్చి గాయాలు. మొదటి రెండు మూడు రోజులు బొగ్గుతో దిద్దినట్టు నల్లగా కనిపిస్తాయి. తర్వాత సన్నగా పక్కు కట్టి, రెండో వారం వరకూ అక్కడక్కడా పొట్టు రాలుతుంది. రాలాక చూస్తే రంగు అసలు దిగిందా అని అనుమానం వచ్చేంత వెలిసిపోయి ఉంటుంది. నాలుగు వారాలు దాటాక గానీ అసలు రంగు పైకి తేలదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య టచప్ చేస్తారు, అంటే వెలిసిన చోట మళ్లీ రంగు దిద్దుతారు. ఈ లెక్కన పెళ్లికి రెండు మూడు నెలల ముందే చేయించుకోవాలి. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. వాళ్లకి ముందే తెలుసు.

ఇక ఆ డబ్బా. పని అయ్యాక కౌంటర్ దగ్గర కుంకుమ భరిణె సైజు ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేతిలో పెట్టారు. లోపల తెల్ల క్రీమ్. మూత మీద పార్లర్ స్టిక్కర్ తప్ప ఒక్క అక్షరం లేదు. ఏ కంపెనీదో లేదు, అందులో ఏమేం కలిపారో లేదు, ఎప్పుడు తయారైందో, ఎప్పటివరకు వాడొచ్చో అసలే లేదు. 1,200 రూపాయలు. "ఇంపోర్టెడ్ మేడమ్, పెద్ద డబ్బా తెప్పించి మేమే చిన్న వాటిలోకి తీస్తాం. రోజుకి నాలుగైదు సార్లు బాగా మందంగా రాయండి. ఇంకేం పత్యాలు లేవు" అన్నారు. బజారులో వంకాయ కొంటే పుచ్చు ఉందేమోనని నాలుగువైపులా తిప్పి చూసే మనిషిని నేను. మొహానికి రాసుకునే దాన్ని మాత్రం మారుమాట లేకుండా బ్యాగులో వేసుకున్నాను. 9,000కి బిల్లు ఇచ్చారు, క్రీమ్‌కి ఇవ్వలేదు. దాని డబ్బులు వేరే నంబర్‌కి యూపీఐ చేయించుకున్నారు. అప్పుడైనా వెలగాల్సింది.

ఆ రాత్రి గీతల మీద పలచగా పసుపు రంగు నీరు ఊరింది. గాయం నుంచి అలా ఊరడం మామూలే. కానీ దాన్ని అలాగే ఆరనిస్తే మందంగా పక్కు కడుతుంది, ఆ పక్కు ఊడేటప్పుడు రంగుని కూడా పట్టుకుపోతుంది. అందుకని మొదటి రోజు శుభ్రమైన గాజ్ గుడ్డని కాచి చల్లార్చిన నీళ్లలో తడిపి, పిండి, రుద్దకుండా అద్దుతూ ఉండాలి. ఈ ఒక్క ముక్క చెప్పడానికి వాళ్లకి అర నిమిషం పట్టేది. నేను ఆ నీటి మీదే క్రీమ్ మెత్తి పడుకున్నాను.

మూడో రోజుకి చుట్టూ ఎర్రబడి ఒకటే దురద. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. "నార్మలే మేడమ్, క్రీమ్ ఇంకొంచెం ఎక్కువ రాయండి" అని జవాబు. రాశాను. గంటలో దురద పోయింది, ఎరుపు కూడా తగ్గింది. అబ్బ, ఏం క్రీమ్ రా బాబూ అనుకున్నాను! సాయంత్రానికి మళ్లీ మొదలు, మళ్లీ రాయడం. మూడు రోజులు ఇదే తంతు. ఇంట్లో చూస్తే పెళ్లి హడావుడి. అరిసెల పాకం దగ్గర నేను, గుండిగల ఆవిరి మొహం మీదకి, నుదుటి మీద నుంచి చెమట నేరుగా కనుబొమ్మల్లోకి. చెమట తగలకూడదని, ఆవిరి పట్టకూడదని నాకు తెలిస్తే కదా. మా పిన్ని అయితే పసుపు గిన్నె పట్టుకొచ్చి "పుండు మీద పెడితే రెండు రోజుల్లో మానుద్దే" అని వెంటపడింది. వంటింటి పసుపు పచ్చి గాయం మీద పెట్టనివ్వకపోవడం ఒక్కటే ఆ వారంలో నేను చేసిన తెలివైన పని.

ఆరో రోజు పొద్దున లేచేసరికి ఎడమ కన్ను సగమే తెరుచుకుంది. రెప్ప ఉబ్బింది. కనుబొమ్మ చివర బెల్లం పాకం ఒలికి ఆరినట్టు తేనె రంగు పక్కు. చెయ్యి దగ్గర పెడితే వేడి తగులుతోంది. ఫొటో పెట్టాను. "నార్మలే మేడమ్, హీలింగ్ స్టేజ్." ఆ మెసేజ్ పిన్నికి చూపించాను. "హీలింగూ లేదు, పాడూ లేదు. అది చీము పట్టింది. లే, చీర మార్చుకో, డాక్టర్ దగ్గరికి పోదాం" అంది.

స్కిన్ డాక్టర్ నా మొహం చూడగానే అడిగింది "ఏం రాస్తున్నావమ్మా?" అని. డబ్బా ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, మూత తీసి చూసి, నా చేతికే ఇచ్చేసింది. "ఇందులో ఏముందో నాకు తెలియదు, నీకూ తెలియదు. అమ్మినవాళ్లకైనా తెలుసో లేదో. రాసిన గంటకే ఎరుపు పోయి, ఆపగానే మళ్లీ వస్తోందంటే స్టీరాయిడ్ కలిసిందేమోనని నా అనుమానం" అంది. ల్యాబ్‌లో పరీక్ష చేయించలేదు కాబట్టి ఫలానాదే అని నేను ఒట్టేసి చెప్పను. కానీ ఆవిడ చెప్పిన సంగతి అందరికీ పనికొస్తుంది. స్టీరాయిడ్ క్రీమ్ ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది, పైకి తగ్గినట్టే ఉంటుంది. లోపల సూక్ష్మక్రిములు మాత్రం హాయిగా పెరుగుతుంటాయి. గాయం మానడం కూడా ఆలస్యమవుతుంది. మొహానికి తెల్లబడే క్రీములని వీటిని ఎడాపెడా వాడేస్తున్నారనే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టీరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మెడికల్ షాపుకే ఆ నిబంధన ఉంటే, పార్లర్ కౌంటర్ మీద పేరులేని డబ్బాలో ఏం అమ్ముతున్నారో ఎవరు చూడాలి?

యాంటీబయాటిక్ మాత్రలు, పైపూత మందు ఇచ్చింది, ఆ క్రీమ్ ఆపించింది. పెళ్లి రోజుకి వాపు తగ్గింది. కానీ పక్కుతో పాటు ఎడమవైపు రంగు కూడా ఊడిపోయింది. ఇప్పుడు కుడి కనుబొమ్మ నిండుగా, ఎడమది మధ్యలో తెగిపోయి, చివర బూడిద రంగు మచ్చతో ఉంది. అక్షింతలు వేసే ఫొటోల్లో అన్నింట్లోనూ నేను కుడి కనుబొమ్మే కనిపించేలా తిరిగి ఉన్నాను. ఫొటోగ్రాఫర్ "అక్కా, కొంచెం ఇటు చూడండి" అని ఎన్నిసార్లు అన్నాడో.

చేయించుకోవద్దని నేను అనను. కానీ ముందే కొన్ని అడగండి. ఇంటికెళ్లాక ఏం రాయాలి, ఎంత రాయాలి, ఏం చేయకూడదో కాగితం మీద రాసివ్వమనండి. ఇవ్వకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. క్రీమ్ వాళ్ల దగ్గర కొనక్కర్లేదు. సీలు, తయారీ తేదీ, లోపల ఏముందో రాసి ఉన్న ట్యూబ్ ఏదైనా డాక్టర్‌ని అడిగి మెడికల్ షాపులో తెచ్చుకోండి. రెండు కనుబొమ్మలకీ కలిపి బియ్యపు గింజంత చాలు. మందంగా మెత్తితే చర్మం నానిపోయి రంగు నిలవదు. ఇంట్లో ఉంది కదా అని నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న ఆయింట్‌మెంట్ రాసేయకండి, అది పడనివాళ్లు చాలామంది ఉంటారు.

పది నుంచి 14 రోజులు మేకప్, ఎండ, ఈత, జిమ్, ముఖానికి ఆవిరి అన్నీ బంద్. అన్నిటికంటే కష్టం మన ఆడవాళ్లకి వంటిల్లే. కుక్కర్ మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలి. తలస్నానం పార్లర్‌లోలాగా తల వెనక్కి వాల్చి చేయాలి, షాంపూ నురగ కిందకి కారకుండా. బోర్లా పడుకోకూడదు. విటమిన్ సి సీరమ్, రెటినాల్ లాంటివి ఆ చుట్టుపక్కలకి కూడా రానివ్వకండి. దురద పుడితే గిల్లకండి, పొట్టు దానంతటదే రాలాలి.

సూది ప్యాకెట్ మీ కళ్ల ముందే చింపాలి. వాడిన సూది వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ దాకా వెళ్లొచ్చు. రక్తదానం చేసే అలవాటున్న వాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, పచ్చబొట్టు వేయించుకున్నాక మన దేశంలో 12 నెలల దాకా రక్తం తీసుకోరు, ఇదీ అదే కోవలోది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగర్ అదుపులో లేనివాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, దెబ్బ తగిలితే కెలాయిడ్ గడ్డలు కట్టే శరీరం ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగందే ఈ పని పెట్టుకోవద్దు. నన్ను ఇందులో ఒక్కటి కూడా అడగలేదు.

ఎరుపు, వాపు మొదటి రెండు రోజులు ఉంటాయి, తర్వాత రోజురోజుకీ తగ్గాలి. మూడో రోజు తర్వాత పెరుగుతున్నా, వేడిగా ఉన్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా పార్లర్‌కి ఫొటోలు పంపుతూ కూర్చోకండి. నేను పంపిన ఆరు ఫొటోలకీ ఒకటే జవాబు, "నార్మలే మేడమ్".

పార్లర్‌కి వెళ్లి అడిగితే మొదట "మీ స్కిన్ ప్రాబ్లమ్ మేడమ్" అన్నారు. డాక్టర్ చీటీ, ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ముందు పెట్టి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తానన్నాక క్రీమ్ డబ్బులు 1,200 వెనక్కి వేశారు. మిగతా 9,000కి ఫ్రీగా టచప్ చేస్తామంటున్నారు. నాకు అక్కర్లేదు, డబ్బులే కావాలన్నాను. హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. డబ్బా పారేయలేదు, కవర్లో కట్టి బీరువాలో పెట్టాను.